ఐరిష్ బర్గర్ నుంచి ఐసీఎస్ పరీక్ష దాకా: ఒక బంగాళాదుంప చెప్పే చరిత్ర

గత నెల నేను రాసిన ఒక టెస్ట్ సిరీస్‌లో ప్రశ్న ఇది: "19వ శతాబ్దపు కరువులకు ప్రకృతి ఎంతవరకు కారణం, పాలన ఎంతవరకు కారణం? ఉదాహరణలతో చర్చించండి." 15 మార్కులు, 250 పదాలు. నాకు చాలా తేలిగ్గా అనిపించింది. ఐర్లాండ్‌లో బంగాళాదుంపకు తెగులు వచ్చింది, మద్రాసు ప్రెసిడెన్సీలో వానలు పడలేదు, జనం చనిపోయారు, తర్వాత కమిషన్ వేశారు. రెండు పటాలు, ఒక ఫ్లో చార్ట్ కూడా గీశాను. వచ్చినవి 4 మార్కులు. దిద్దినవారు పక్కన ఒకటే వాక్యం రాశారు: "కారణం చెప్పారు, బాధ్యత చెప్పలేదు."

మీలో చాలామందిలాగే నేనూ ఇంజనీరింగ్ చదివి ఇటు వచ్చినవాణ్ణి. మాకు కారణం అంటే మెషీన్ ఎక్కడ ఆగిందో చూపించడమే. బాధ్యత అనేది వేరే సంగతి అని నాకు ఆ నోట్స్ చదివినప్పుడు కూడా సరిగ్గా ఎక్కలేదు. ఎక్కింది మా పెరట్లో, సిగిడీ ముందు కూర్చున్నప్పుడు. అందుకే ఈసారి వ్యాసం అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను. కాస్త ఓపిక పట్టండి, సిలబస్ దాటి పోను.

సెక్టర్ 2లో ఒక లక్ష్మివారం

మేముండేది భిలాయ్ సెక్టర్ 2లో, స్టీల్ ప్లాంట్ క్వార్టర్‌లో. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం ఆరు దాటితే చలి బాగా పట్టేస్తుంది. పెరట్లో సిగిడీ వెలిగిస్తాం. మన వైపు కుంపటి అంటామే, దానికి కొంచెం పెద్దన్న అనుకోండి. పక్క క్వార్టర్ బిహారీ వాళ్లు అదే నిప్పుల మీద లిట్టీ కాలుస్తారు. ఛత్తీస్‌గఢ్ వాళ్లు బియ్యప్పిండి ముద్దను ఆకుల మధ్య పెట్టి అంగాకర్ రొట్టె చేస్తారు. మా ఇంట్లో అయితే చిలగడదుంపలు, వంకాయలు.

మా తమ్ముడు ఫోన్‌లో ఏదో చూసి, క్యాంప్‌ఫైర్ మీద ఐరిష్ బర్గర్ చేద్దామని పట్టుబట్టాడు. మాంసం ముద్ద, పైన చీజ్, పక్కన నల్లటి బీరు ఉన్న వీడియో అది. అమ్మ ఒక్క మాటతో తేల్చేసింది: "మార్గశిర లక్ష్మివారం పూట నీసేటిరా? దుంపలున్నాయి, వాటితో చేసుకోండి."

అలా మాంసం పోయి బంగాళాదుంప వచ్చింది. ఐర్లాండ్ చరిత్ర ప్రకారం చూస్తే అమ్మ చెప్పిందే అసలైన ఐరిష్ బర్గర్. ఎందుకో ముందు చెబుతాను. దానికంటే ముందు మేం చేసిన పద్ధతి రెండు ముక్కల్లో చెబుతాను, మీరూ చేసుకోవచ్చు.

అరకిలో దుంపలు ఉడికించి, వేడి మీదే మెదపాలి. సన్నగా తరిగిన క్యాబేజీ ఒక కప్పు, ఉల్లికాడలు గుప్పెడు వెన్నలో మగ్గించి అందులో కలపాలి. ఉప్పు, దంచిన మిరియాలు, అంతే. ఐర్లాండ్‌లో ఈ మిశ్రమాన్ని కోల్‌కానన్ అంటారు. ఆరు బిళ్లలు చేసి, రెండు వైపులా బొంబాయి రవ్వ అద్ది, నిప్పుల మీద పెట్టిన ఇనప పెనం మీద వెన్న వేసి కాల్చాలి. మంట మీద కాదు, మంట తగ్గి నిప్పులు బూడిద కప్పుకున్నాక. బన్ను బదులు సోడా రొట్టె చేశాం: రెండు కప్పుల గోధుమపిండికి ఒక కప్పు పుల్ల మజ్జిగ, చెంచాడు వంటసోడా. మజ్జిగలోని ఆమ్లం, సోడా కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, ఈస్ట్ లేకుండానే పిండి పొంగుతుంది. 19వ శతాబ్దంలో ఐరిష్ పల్లెల్లో దీన్ని మూడు కాళ్ల ఇనప కుండలో పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసి కాల్చేవారు. వాళ్లకు నిప్పు పీట్ నుంచి వచ్చేది. పీట్ అంటే చిత్తడి నేలల్లో తవ్వి ఎండబెట్టిన సగం బొగ్గు. జాగ్రఫీ నోట్స్‌లో పీట్, లిగ్నైట్, బిట్యుమినస్, ఆంత్రసైట్ అని వరసగా రాసుకుంటామే, అందులో మొదటిది. ఒక జాగ్రత్త: వంటకు కట్టెబొగ్గే వాడండి, సిగిడీని తలుపులు మూసిన గదిలో ఎప్పుడూ పెట్టకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఇక చరిత్ర.

మాంసం ఓడెక్కింది, దుంప మిగిలింది

బంగాళాదుంప పుట్టింది దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో. 1492 తర్వాత పాత ప్రపంచానికీ కొత్త ప్రపంచానికీ మధ్య జరిగిన పంటల మార్పిడిలో అది యూరప్ చేరింది. మనకు పోర్చుగీసు వాళ్ల ద్వారా వచ్చింది, మిరపకాయలాగే. మన పేర్లలోనే ఆ ప్రయాణం ఉంది. కోస్తాలో బంగాళాదుంప, అంటే బెంగాల్ వైపు నుంచి వచ్చిన దుంప. తెలంగాణలో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ.

ఐర్లాండ్‌లో మాత్రం అది కూర కాదు, అన్నం. 19వ శతాబ్దం మొదటి సగంలో ఐరిష్ భూమిలో ఎక్కువ భాగం భూస్వాముల చేతిలో ఉండేది. వారిలో చాలామంది ఇంగ్లండ్‌లోనే కాపురం. కౌలుదారు పండించిన గోధుమ, ఓట్స్, పెంచిన పశువులు, తీసిన వెన్న కౌలు కిందకే పోయేవి. అవి ఇంగ్లండ్ ఓడలెక్కేవి. కుటుంబానికి మిగిలేది ఒక చిన్న మడి. అంత చిన్న మడిలో ఏడాదంతా కడుపు నింపగలిగే పంట ఒక్కటే, బంగాళాదుంప. కష్టం చేసే మగవాడు రోజుకు 5 కిలోలకు పైగా దుంపలే తినేవాడు, పక్కన మజ్జిగ.

అందుకే అన్నాను, వీడియోలో చూసిన మాంసం ముద్ద ఐరిష్ పేదవాడి కంచంలోది కాదని. బర్గర్ అనే మాటకు మూలం జర్మనీ రేవు హాంబర్గ్. ఆ పేరుతో ఉన్న మాంసం వంటకం వలసదారులతో అమెరికా చేరి, అక్కడ రొట్టెల మధ్యకు ఎక్కింది. అదే శతాబ్దంలో అదే అట్లాంటిక్ మీద లక్షల ఐరిష్ జనం న్యూయార్క్, బోస్టన్ చేరారు. ఐరిష్ వాళ్లకు మాంసం అందుబాటులోకి వచ్చింది చాలామటుకు అక్కడే.

తెగులు తెచ్చింది ఎంత, తెచ్చుకున్నది ఎంత

1845లో ఐర్లాండ్‌కు లేట్ బ్లైట్ తెగులు వచ్చింది. కారకం ఫైటాఫ్తోరా ఇన్‌ఫెస్టాన్స్. ఆ ఏడు పంటలో పెద్ద వాటా కుళ్లింది, 1846లో దాదాపు మొత్తం. అంత వేగంగా పాకడానికి కారణం ఉంది. పేదలు ఎక్కువగా వేసింది లంపర్ అనే ఒకే రకం. బంగాళాదుంపను గింజతో కాక దుంప ముక్కతో నాటుతాం, కాబట్టి దేశమంతా ఒకే మొక్క నకళ్లు ఉన్నట్టే. ఒకదానికి వచ్చింది అన్నిటికీ వచ్చింది. ఏకపంట ప్రమాదం గురించి పర్యావరణం పేపర్లో అడిగితే ఈ ఉదాహరణ రాయండి. మన దగ్గర కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ సిమ్లాలో ఉంది. దాని కుఫ్రీ జ్యోతి వంటి రకాలు ఈ తెగులును దృష్టిలో పెట్టుకుని తెచ్చినవే.

నా జవాబు ఇక్కడితో ఆగిపోయింది. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఎందుకంటే ఆ ఏళ్లలో ఇదే తెగులు బెల్జియం, నెదర్లాండ్స్, స్కాట్లాండ్ కొండప్రాంతాలకూ సోకింది. అక్కడా బాధ ఉంది, కానీ ఐర్లాండ్ స్థాయిలో లేదు. 1841లో సుమారు 82 లక్షలున్న ఐరిష్ జనాభా 1851కి 65 లక్షలకు పడిపోయింది. సుమారు 10 లక్షల మంది చనిపోయారు, ఇంకో 10 లక్షలకు పైగా దేశం విడిచారు.

పాలన ఏం చేసిందో వరసగా చూడండి.

ప్రధాని రాబర్ట్ పీల్ 1845 చివర్లో అమెరికా నుంచి లక్ష పౌండ్ల విలువైన మొక్కజొన్న తెప్పించాడు. 1846లో కార్న్ లాస్‌ను రద్దు చేయించాడు, పదవి పోగొట్టుకున్నాడు. తర్వాత వచ్చిన జాన్ రస్సెల్ ప్రభుత్వం మార్కెట్ తన పని తాను చేసుకుంటుందన్న నమ్మకంతో ధాన్యం వ్యాపారంలో వేలు పెట్టలేదు. తిండి ఊరికే ఇవ్వకూడదు, పని చేయించుకుని కూలి ఇవ్వాలన్నారు. 1847 మార్చి నాటికి 7 లక్షలకు పైగా మనుషులు రోడ్డు పనుల్లో ఉన్నారు. ఆకలితో ఒళ్లు తూలేవాళ్లు చలికాలంలో రాళ్లు కొట్టారు. ఆ కూలి పెరిగిన ధరలకు చాలలేదు. 1847 వేసవిలో సూప్ కిచెన్లు తెరిస్తే రోజుకు 30 లక్షల మందికి తిండి అందింది, మరణాలు తగ్గాయి. అంటే చేయగలిగిన శక్తి ప్రభుత్వానికి ఉంది. కొన్ని నెలలకే వాటిని మూసేసి భారాన్ని స్థానిక పన్నుల మీదకు నెట్టారు. పావు ఎకరం మించి భూమి ఉన్నవాడు దాన్ని వదులుకుంటేనే సాయం అని నిబంధన పెట్టారు. సాయం కోసం భూమి వదిలినవాడికి మరుసటి ఏడు పంట ఎక్కడిది?

ఒక సమతూకం కూడా రాసుకోండి. "తిండి ఉంది, అంతా ఎగుమతి చేశారు" అని ఒక్క వాక్యంలో తేల్చకండి. ఎగుమతులు ఆగలేదన్నది నిజం. 1847లో దిగుమతైన ధాన్యం ఎగుమతుల కంటే ఎక్కువన్నదీ నిజమే. సమస్య ఏమిటంటే 1846 చివరి నెలల్లో, దిగుమతులు రాకముందు, ఉన్న ధాన్యాన్ని ఆపలేదు. వచ్చాక కొనే శక్తి జనానికి లేదు.

మేం బర్గర్లు తిప్పుతూ ఉండగా నేను ఈ సంగతులు తమ్ముడికి చెబుతున్నాను. సిగిడీకి అవతల శాలువా కప్పుకుని కూర్చున్న నానమ్మ మధ్యలో అందుకుంది. "మా ముత్తవ్వ చెప్పీదిరా. కరువులో గింజ లేక కాదట. సంతలో గింజలున్నాయట. కొనుక్కోడానికి డబ్బుల్లేక సచ్చిపోనారట."

నానమ్మది పార్వతీపురం దగ్గరి పల్లె. ఆమె చదువుకోలేదు. అమర్త్యసేన్ 1981లో 'పావర్టీ అండ్ ఫామిన్స్' పుస్తకంలో చెప్పిన సిద్ధాంతం సారాంశం ఆమె రెండు వాక్యాల్లో చెప్పేసింది. కరువు చావులకు తిండి లేకపోవడం ఒక్కటే కారణం కానక్కర్లేదు, తిండిని పొందే హక్కు, శక్తి కోల్పోవడం కారణం కావచ్చు. సేన్ ముఖ్యంగా చూపిన ఉదాహరణ 1943 బెంగాల్. నేను ఆ సిద్ధాంతాన్ని మూడుసార్లు చదివాను, జవాబులో మాత్రం ఒక్కసారి కూడా వాడలేదు.

ఆ ఫైలు మీద సంతకం ఎవరిది?

ఇప్పుడు మనకు, అంటే ఈ పరీక్ష రాసే మనకు, నేరుగా తగిలే విషయం.

ఐర్లాండ్ కరువు సాయాన్ని లండన్‌లో ట్రెజరీ నుంచి నడిపిన అధికారి చార్లెస్ ట్రెవెల్యన్. ట్రెజరీలో అసిస్టెంట్ సెక్రటరీ అనే పదవి పేరుకు చిన్నది, చేతిలో ఉన్న అధికారం పెద్దది. ఏ డిపో ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి, ఏ పనికి ఎంత ఇవ్వాలి అన్నీ ఆయన బల్ల మీదుగానే. అవినీతిపరుడు కాడు. సోమరి అంతకన్నా కాడు, రాత్రింబవళ్లు పనిచేశాడు. కానీ ఉచిత సాయం జనాన్ని పాడుచేస్తుందని, మార్కెట్‌కు అడ్డురాకూడదని గట్టిగా నమ్మాడు. ఈ విపత్తు ఐరిష్ సమాజపు పాత రోగానికి దైవం ఇచ్చిన చికిత్స అన్న ధోరణిలో 1848లో పుస్తకమే రాశాడు. అదే ఏడు ఆయనకు సర్ బిరుదు వచ్చింది.

ఈ పేరు మీకు ఎక్కడో తగిలి ఉండాలి. నార్త్‌కోట్-ట్రెవెల్యన్ నివేదిక, 1854. సిఫారసుతో కాక పోటీ పరీక్షతో సివిల్ సర్వీసులోకి తీసుకోవాలి, ప్రతిభ ఆధారంగా పదోన్నతి ఇవ్వాలి అని బ్రిటన్‌కు చెప్పిన నివేదిక అది. ఆ ట్రెవెల్యనే ఈ ట్రెవెల్యన్. ఆయన భార్య హన్నా, మెకాలే చెల్లెలు. 1853 చార్టర్ చట్టం ఇండియా సర్వీసుకు పోటీ పరీక్ష తలుపు తీసింది. 1854లో మెకాలే కమిటీ దాని రూపం ఖరారు చేసింది. 1855లో లండన్‌లో మొదటి ఐసీఎస్ పోటీ పరీక్ష జరిగింది. 1863లో సత్యేంద్రనాథ్ టాగోర్ గెలిచాడు. 1922 నుంచి పరీక్ష ఇండియాలోనూ పెట్టారు. ఆ దారి చివర ఇప్పుడు మనం క్యూలో ఉన్నాం.

1859లో ట్రెవెల్యన్ మద్రాసు గవర్నరుగా వచ్చాడు. అంటే కోస్తా, సీమ జిల్లాలకు ఆయనే పాలకుడు. 1860లో జేమ్స్ విల్సన్ ఆదాయపు పన్ను ప్రతిపాదిస్తే ఇండియన్ల మీద ఆ భారం తగదని వ్యతిరేకించాడు. ఆ అభ్యంతరాన్ని పత్రికలకెక్కించినందుకు వెనక్కి పిలిపించారు. తర్వాత 1863లో ఆర్థిక సభ్యుడిగా మళ్లీ వచ్చాడు. కాబట్టి ఆయన్ని ఒక్క రంగుతో పూయలేం. మద్రాసులో ప్రజల పక్షాన పదవి పోగొట్టుకున్న మనిషే, ఐర్లాండ్‌లో ఆకలి కంటే ఖర్చు లెక్కను ముందు పెట్టాడు. ఎథిక్స్ పేపర్లో నిజాయతీ, కరుణ రెండు వేరు వేరు విలువలని రాస్తామే, దానికి ఇంతకంటే మంచి కేస్ స్టడీ నాకు దొరకలేదు.

ధాత కరువు: అదే పాఠం, ఇంకో పాఠశాల

1876లో మద్రాసు ప్రెసిడెన్సీలో వానలు తప్పాయి. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. ఆ సంవత్సరం పేరుతో మనవాళ్లు దాన్ని ధాత కరువు అన్నారు. 1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ దర్బారు జరుగుతుంటే దక్షిణాన జనం ఊళ్లు వదిలిపోతున్నారు.

ఖర్చు అదుపు చేయడానికి పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్. ఈయన కథ ఆసక్తికరం. 1873-74లో బీహార్ కరువు వచ్చినప్పుడు ఇదే టెంపుల్ బర్మా నుంచి లక్షల టన్నుల బియ్యం తెప్పించాడు, ఆకలి చావులు దాదాపు లేకుండా చూశాడు. మెచ్చుకోవలసింది పోయి, దుబారా చేశాడని లండన్ తిట్టింది. 1877లో ఆ మచ్చ తుడుచుకోవాలన్నట్టు ప్రవర్తించాడు. సహాయ పనుల్లో మగవాడికి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణా కూలి అని తగ్గించాడు. ఒక పౌండంటే సుమారు 450 గ్రాములు. దీన్నే టెంపుల్ వేజ్ అంటారు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఇది మనిషి బతకడానికి చాలదని గట్టిగా వాదించాడు. ఆ ఒత్తిడితో కొన్ని నెలలకు కూలి పెంచారు. అప్పటికే ఎందరో పోయారు. దేశమంతటా మృతుల సంఖ్య 55 లక్షలని తక్కువలో తక్కువ అంచనా.

ఐర్లాండ్‌తో పోల్చి చూడండి. చాలని కూలి, బలం లేని ఒంటితో రాళ్లు కొట్టడం, ఆగని ధాన్యం ఎగుమతి, మార్కెట్ మీద భక్తి. మధ్యలో 30 ఏళ్లు గడిచాయి, ఫైలు మాత్రం మారలేదు.

మరో వైపు ఇదీ చూడండి. 1832-33లో గుంటూరు సీమలో డొక్కల కరువు వచ్చింది, నందన కరువు అని కూడా అంటారు. దాని తర్వాత కృష్ణా, గోదావరి డెల్టాలకు నీటి ప్రశ్న ముందుకొచ్చింది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఐర్లాండ్‌లో ఎటూ పోని రోడ్లు వేయిస్తున్న ఆ ఏళ్లే ఇవి. అదే సామ్రాజ్యం, అదే కాలం, ప్రజా పనులే రెండూ. ఒకటి కూలి ఇవ్వడానికి సాకు, రెండోది వచ్చే కరువును ఆపే పని. నేటి ఉపాధి పథకాల్లో ఆస్తుల నాణ్యత గురించి రాసేటప్పుడు ఈ పోలిక పనికొస్తుంది.

1878లో రిచర్డ్ స్ట్రాచీ కమిషన్ వేశారు, 1880లో నివేదిక వచ్చింది. దాని ఆధారంగా ఫామిన్ కోడ్‌లు తయారయ్యాయి. కరువు ప్రకటనకు సంకేతాలేమిటి, ఎవరు ఏం చేయాలి అన్నది కాగితం మీదికి రావడం పెద్ద ముందడుగు. కానీ 1943లో బెంగాల్‌లో ఆ కోడ్‌ను ప్రయోగించనేలేదు. పుస్తకంలో ఉన్న నిబంధన తనంత తాను లేచి పనిచేయదు.

డబ్లిన్ వెళ్లిన బరంపురం కుర్రాడు

ఐర్లాండ్ మనకు కరువు పోలిక ఒక్కటే ఇవ్వలేదు. 1894లో బరంపురంలో తెలుగు ఇంట పుట్టిన వరాహగిరి వెంకటగిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. అప్పటి ఐర్లాండ్ కరువు జ్ఞాపకంతో పెరిగిన మూడో తరం. భూమి, కూలి, స్వపరిపాలన గురించి తప్ప ఇంకో మాట లేదు. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత గిరిని దేశం విడిచి వెళ్లమన్నారు. అదే ఏడు ఇక్కడ తిలక్, అనిబిసెంట్ హోంరూల్ లీగ్‌లు మొదలుపెట్టారు. ఆ పేరే ఐరిష్ ఉద్యమం నుంచి తెచ్చుకున్నది. ఆంధ్రలో ఆ జెండా మోసినవారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావును గుర్తుపెట్టుకోండి.

తిరిగొచ్చిన గిరి, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేశారు. ఈ రైల్వే పేరు దగ్గర నేను ఆగిపోయాను. మా భిలాయ్ మీదుగా పోయే నాగ్‌పూర్-బిలాస్‌పూర్ మార్గం ఆ కంపెనీదే. 1931లో పూర్తయిన పార్వతీపురం-రాయ్‌పూర్ లైను కూడా దానిదే. మా తాతయ్య 1960ల మొదట్లో ఆ లైను మీదే ఇటు వచ్చాడు.

పాలిటీ వైపు నుంచి కూడా కలపండి. మన ఆదేశిక సూత్రాల నమూనా 1937 ఐరిష్ రాజ్యాంగం. జీవన వేతనం గురించి 43వ అధికరణ, పోషకాహార స్థాయి పెంచడం రాజ్య విధి అని చెప్పే 47వ అధికరణ ఆ భాగంలోనివే. రాష్ట్రపతి ఎన్నిక పద్ధతీ అక్కడిదే. 1969లో గిరి, నీలం సంజీవరెడ్డి ఇద్దరు తెలుగువారు పోటీపడితే, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాకే గిరి గెలిచారు. అలా రెండో ప్రాధాన్యం దాకా వెళ్లిన రాష్ట్రపతి ఎన్నిక అదొక్కటే.

తాతయ్య రేషన్ కార్డు

1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయ్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. మొదటి లక్ష్యం ఏడాదికి 10 లక్షల టన్నుల ఉక్కు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన వేలాది కుటుంబాల్లో మాదొకటి. తాతయ్య మట్టి మోసే కూలీగా వచ్చి, తర్వాత ప్లాంట్‌లో కుదిరాడు. తర్వాత నాన్న.

తాతయ్య పాత ట్రంకులో ఆయన సర్టిఫికెట్ల కంటే జాగ్రత్తగా దాచింది రేషన్ కార్డు. నాకు చిన్నప్పుడు నవ్వొచ్చేది. కొనుక్కోడానికి డబ్బుల్లేక చచ్చిపోయారన్న మాట వింటూ పెరిగిన మనిషికి, ధర కట్టి రాసిచ్చిన ఆ కాగితం ఏమిటో ఇప్పుడు అర్థమవుతోంది. 1954లో అమెరికా పీఎల్-480 చట్టం, 1956లో మనతో ఒప్పందం, 1960లలో ఓడ దిగిన గోధుమ మీద బతకడం, తర్వాత హరిత విప్లవం, 2013లో జాతీయ ఆహార భద్రత చట్టం. ఇవన్నీ మనం తేదీలుగా బట్టీపడతాం. ఆ ట్రంకులో అవి ఒక్క అట్టముక్క.

వచ్చే మార్చిలో నాన్న రిటైర్ అవుతారు. తర్వాత ఈ క్వార్టర్ ఖాళీ చేయాలి. ఈ పెరడు, ఈ సిగిడీ ఉండే చివరి చలికాలం ఇదే కావచ్చు. నాకిది మూడో ప్రయత్నం. ఇంట్లో ఎవరూ ఏమీ అనరు, అదే బరువు. ఆ రాత్రి బర్గర్లు తిని అందరూ లోపలికి వెళ్లాక, నేను ఆ 4 మార్కుల జవాబు మళ్లీ తెచ్చుకుని నిప్పుల వెలుగులో చదివాను. అందులో మనుషులు చేసిన పని ఒక్కటీ లేదు. తెగులు వచ్చింది, వాన రాలేదు, కమిషన్ వేయబడింది. ట్రెవెల్యన్ రాసిన ఫైళ్లు కూడా ఇలాగే ఉండేవేమో అనిపించి కాసేపు చలి తెలియలేదు.

ఆయన రూపొందించిన పద్ధతిలోనే మనం పరీక్ష రాస్తున్నాం. ఆ పద్ధతి మంచిదే. అది లేకపోతే మట్టి మోసిన కూలీ మనవడు ఈ కలే కనలేడు. కానీ ఆ పరీక్ష తెలివిని కొలుస్తుంది. బీహార్ టెంపుల్‌లా ఉంటామా, మద్రాసు టెంపుల్‌లా ఉంటామా అన్నది కొలవదు. అది కుర్చీలో కూర్చున్నాక, దుబారా అని పైనుంచి తిట్టు పడ్డాక తేలుతుంది.

జవాబు మళ్లీ రాస్తే

నేను తిరిగి రాసుకున్న చట్రం ఇది, మీకు పనికొస్తే వాడుకోండి.

1. పరిచయం: కరువుకు ట్రిగ్గర్ ప్రకృతి, తీవ్రతను నిర్ణయించేది పాలన.
2. ప్రకృతి: 1845 లేట్ బ్లైట్, 1876 వర్షాభావం.
3. ముందే ఉన్న బలహీనత: కౌలు వ్యవస్థ, ఏకపంట, భూమిశిస్తు.
4. పాలన: స్వేచ్ఛా మార్కెట్ విధానం, ఐర్లాండ్ ప్రజా పనులు, టెంపుల్ వేజ్.
5. ప్రతి ఉదాహరణ: 1847 సూప్ కిచెన్లు, 1873-74 బీహార్, ధవళేశ్వరం ఆనకట్ట. చావులు తప్పనిసరి కాదని నిరూపించేది ఈ భాగమే, దీన్ని వదలకండి.
6. సిద్ధాంతం: సేన్ చెప్పిన అర్హతల వైఫల్యం.
7. ముగింపు: ఫామిన్ కోడ్‌ల నుంచి 47వ అధికరణ, ఆహార భద్రత చట్టం దాకా.

ఒక చిన్న వ్యాకరణ సూచన కూడా. కరువు జవాబుల్లో "చేయబడింది" అని రాసిన ప్రతిచోటా ఆగి, ఎవరు చేశారో రాయండి. సగం మార్కులు అక్కడే ఉన్నాయి.

సాధన ప్రశ్నలు

1. "కరువు కోడ్‌లు కరువును నిర్వచించాయి కానీ నివారించలేదు." 1880-1943 మధ్య అనుభవం ఆధారంగా చర్చించండి. 250 పదాలు.
2. ఐరిష్ జాతీయోద్యమం భారత స్వాతంత్ర్యోద్యమంపైన, రాజ్యాంగంపైన చూపిన ప్రభావాన్ని వివరించండి. 150 పదాలు.
3. ఎథిక్స్: మీరు జిల్లా అధికారి. గత విపత్తులో ఎక్కువ ఖర్చు చేశారని మీ మీద ఆడిట్ అభ్యంతరం ఉంది. మళ్లీ వరద వచ్చింది. మీ ముందున్న మార్గాలేమిటి, మీరేం చేస్తారు? 250 పదాలు.

మూడోదానికి జవాబు రాసి దగ్గర పెట్టుకోండి. నేనూ రాశాను. ఇంట్రో రాయడానికే గంట పట్టింది. పక్కన సోడా రొట్టె ముక్క ఒకటి మిగిలి ఉంది, చల్లారితే ఇటుకలా గట్టిపడుతుంది, వేడిగా ఉన్నప్పుడే తినేయండి.